అరచేతిలో పట్టని బొమ్మ: ఎమీ షెరాల్డ్, బూడిద రంగు చర్మం, ఫోన్ తెర

2018 ఫిబ్రవరి 12న వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో మిషెల్ ఒబామా రూపచిత్రాన్ని ఆవిష్కరించారు. అదే రోజు సోషల్ మీడియాలో తీర్పులు కూడా వచ్చేశాయి. పోలిక కుదరలేదన్నారు, ముఖం బూడిద రంగులో ఉందన్నారు, బొమ్మంతా గౌనే తప్ప మనిషి లేదన్నారు. అన్నవాళ్లలో చాలామంది చూసింది బొమ్మను కాదు, ఫోన్‌లో దాని ఫొటోను. గోడ మీద ఉన్నది 183 సెంటీమీటర్ల ఎత్తు, దాదాపు 153 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న లినెన్ గుడ్డ మీద వేసిన నూనె రంగుల చిత్రం. ఫోన్ తెర వెడల్పు ఏడు సెంటీమీటర్లు. అంత పెద్ద బొమ్మలోని ముఖం అందులో గోరంత అవుతుంది. పోలిక కుదిరిందో లేదో గోరంత ముఖంలో తేల్చడం కష్టం.

ఆ బొమ్మ వేసిన ఎమీ షెరాల్డ్ గురించి ‘నల్లజాతి మనుషులను కనిపించేలా చేసిన చిత్రకారిణి’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. మాట తప్పు కాదు గానీ అందులో సగం విషయమే ఉంది. ఎవరికి కనిపించాలి, ఎంత పరిమాణంలో కనిపించాలి, ఎంతసేపు కనిపించాలి, ఎవరి షరతుల మీద కనిపించాలి అనేవి వేర్వేరు ప్రశ్నలు. సోషల్ మీడియా వాటన్నిటినీ కలిపి ‘ఎంతమంది చూశారు’ అన్న ఒక్క అంకెగా మార్చేసింది. షెరాల్డ్ పని తీరును దగ్గరగా చూస్తే ఆ ముడి విడిపోతుంది.

షెరాల్డ్ 1973లో జార్జియా రాష్ట్రంలోని కొలంబస్‌లో పుట్టారు. చిన్నప్పుడు బడి పిల్లలతో కలిసి ఊళ్లో మ్యూజియానికి వెళ్లినప్పుడు, బో బార్ట్‌లెట్ వేసిన పెద్ద చిత్రంలో ఒక నల్లజాతి మనిషి కనిపించాడు. మ్యూజియం గోడ మీద తనలాంటి మనిషిని చూడటం అదే మొదటిసారి అని ఆమె చాలాచోట్ల చెప్పారు. 2004లో బాల్టిమోర్‌లోని మేరీలాండ్ ఇన్‌స్టిట్యూట్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో లలిత కళల్లో ఎం.ఎఫ్.ఏ. అనే పై చదువు పూర్తి చేశారు. 38 ఏళ్లు వచ్చేదాకా హోటళ్లలో వడ్డన పని చేస్తూనే బొమ్మలు వేశారు. 2012లో గుండె మార్పిడి జరిగింది. 2016లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ నిర్వహించే అవుట్‌విన్ బూచెవర్ పోటీలో మొదటి బహుమతి, 25,000 డాలర్లు వచ్చాయి. ఆ బహుమతి ఒక స్త్రీకి రావడం అదే మొదలు. పోటీకి పంపిన ‘మిస్ ఎవ్రీథింగ్’ 2013లో వేసినది. తెల్ల చేతి తొడుగులు వేసుకున్న ఒక యువతి, చేతిలో మామూలు కప్పుకు ఎన్నో రెట్లున్న టీ కప్పు, సూటిగా మనవైపే చూపు.

ఆమె పద్ధతి చెప్పుకోవడానికి సులువే. వీధిలోనో, తెలిసినవాళ్లలోనో తనకు పట్టిన మనిషిని ఎంచుకుంటారు. బట్టలు చాలాసార్లు ఆమే సమకూరుస్తారు. పగటి వెలుతురులో ఫొటోలు తీసుకుని, ఒకటి ఏరుకుని, దాని ఆధారంగా కాన్వాసు మీద వేస్తారు. వెనక ఇల్లు, వీధి, సామాను సాధారణంగా ఉండవు. తొలినాళ్ల బొమ్మల్లో వెనకభాగం మరకలు మరకలుగా ఉండేది. పోనుపోను ఒకే రంగు పరచడం మొదలుపెట్టారు. ఆ మనిషి ధనవంతుడా పేదవాడా, ఏ పేటవాడు, ఏం పని చేస్తాడు అన్న ఊహలకు ఊతం దొరకదు. చూపు కలపడం తప్ప చూసేవాడికి వేరే పని మిగలదు.

చర్మం మాత్రం బూడిద రంగు. ఒకే రంగు ఛాయల్లో, ఎక్కువగా బూడిద ఛాయల్లో, బొమ్మ వేయడాన్ని యూరప్ చిత్రకారులు గ్రిసాయ్ అంటారు. పాతకాలంలో అది అడుగు పొర. దాని మీద పలచని రంగు పొరలు వేసి చర్మపు రంగు తెచ్చేవారు. షెరాల్డ్ దాన్నే పై పొరగా ఉంచేశారు. చర్మం రంగే మొదటి వార్త కాకూడదన్నది ఆమె చెప్పే కారణం. దీని వెనక పాత నలుపు తెలుపు ఫొటోలు కూడా ఉన్నాయి. 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనకు నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డు బోయిస్ పంపిన నల్లజాతి అమెరికన్ల ఫొటోల ప్రభావాన్ని ఆమె స్వయంగా ప్రస్తావించారు. అవి ఎదుటివాడు చూపించిన రూపాలు కావు, తమకు నచ్చినట్టు కూర్చుని, నచ్చిన బట్టలు వేసుకుని తీయించుకున్న ఫొటోలు.

ఈ పద్ధతి మీద అభ్యంతరం కూడా ఉంది. జాతే విషయమైనప్పుడు చర్మం రంగు తీసేయడం తప్పించుకోవడం కాదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ బొమ్మ ముందు నిలబడితే ఎదుటి మనిషి నల్లజాతి మనిషని తెలియకుండా పోదు. ముఖం కట్టు, జుట్టు, పెదవులు అన్నీ చెబుతూనే ఉంటాయి. తెలిసిన విషయాన్ని కన్ను వెంటనే ఒక పేరు పెట్టి పక్కన పడేయకుండా ఆ బూడిద రంగు కొంచెంసేపు అడ్డుపడుతుంది. ఆ కొంచెంసేపు చాలా విలువైనది.

బూడిద అంటే నలుపులో తెలుపు కలపడమే అనుకుంటే ఆ చర్మం ఎందుకు బతికి ఉందో అర్థం కాదు. నూనె రంగుల్లో ఐవరీ బ్లాక్ అనే నలుపులో తెలుపు కలిపితే నీలి ఛాయ ఉన్న బూడిద వస్తుంది. ముఖానికి వేస్తే శవం కళ. షెరాల్డ్ నలుపులో నేపుల్స్ యెల్లో అనే లేత పసుపు కలుపుతారు. నలుపు, పసుపు కలిస్తే కొద్దిగా ఆకుపచ్చ వైపు మొగ్గే వెచ్చని బూడిద వస్తుంది. ఈ మిశ్రమం వాడే ఎవరికైనా ఇబ్బందులు ఎదురవుతాయి. పసుపు పాలు పెరిగితే మిశ్రమం ఆలివ్ రంగుకు తిరుగుతుంది. కుంచె మొనకు అంటినంత ఎర్రమట్టి రంగు, అంటే బర్న్‌ట్ సియెన్నా లాంటిది, దాన్ని వెనక్కి లాగుతుంది. చవక ట్యూబుల్లో నేపుల్స్ యెల్లో అనే పేరుతో దొరికేది చాలావరకు వేరే పసుపు, తెలుపు కలిపిన రంగు. అందులో తెలుపు ఎక్కువైతే ముదురు ఛాయలు సుద్ద పట్టినట్టు అవుతాయి. ట్యూబు వెనక పిగ్మెంటు సంఖ్య, అంటే లోపల ఉన్న రంగు పొడి ఏదో చెప్పే గుర్తు, చూసి కొనాలి; అసలుది పీవై 41, సీసం ఉన్న రంగు, చేతికి నోటికి తగలకుండా వాడాలి. ఐవరీ బ్లాక్ నూనె ఎక్కువ తాగుతుంది, నెమ్మదిగా ఆరుతుంది. దాన్ని మందంగా అడుగున వేసి, త్వరగా ఆరే రంగు పైన వేస్తే కొన్నేళ్లకు పగుళ్లు వస్తాయి. ఆరాక కొన్నిచోట్ల మెరుపు పోయి మచ్చలు మచ్చలుగా కనిపించడం కూడా నలుపు పాళ్లు ఎక్కువున్న చోటే ఎక్కువ.

రంగు కన్నా పెద్ద కష్టం ఛాయల మెట్లలో ఉంది. ముదురు చర్మం మీద వెలుగు పడే తీరు వేరు. మెరుపులు చిన్నవిగా, పదునుగా ఉంటాయి. నుదుటి మీద, ముక్కు దూలం మీద, చెంప ఎముక మీద. మిగతా ముఖమంతా మధ్య ఛాయలు, చాలా దగ్గరదగ్గర మెట్లు. అనుభవం తక్కువైనవాళ్లు ఆ మధ్య ఛాయలను భయపడి తేల్చేస్తారు, అంటే లేతగా మార్చేస్తారు. అప్పుడు అది తెల్ల మనిషి నలుపు తెలుపు ఫొటోలా తయారవుతుంది. మధ్య ఛాయలను వాటి ముదురులోనే ఉంచి, వాటి లోపలే వెచ్చదనం, చల్లదనం మారుస్తూ పోవాలి. చెంప దగ్గర కాస్త వెచ్చగా, దవడ కింద కాస్త చల్లగా. ఇక పక్కన పరిచిన గాఢమైన రంగు మిగతా పని చేస్తుంది. ఏ రంగు పక్కన పెడితే దాని వ్యతిరేక రంగు ఛాయ బూడిదకు అంటుతుంది. పచ్చనీలం పక్కన బూడిద కొంచెం ఎర్రబారినట్టు ఉంటుంది. చర్మంలో రక్తం ఆడుతోందన్న భ్రమకు అదొక కారణం.

ఇంత సున్నితమైన విషయం ఫోన్‌కు చేరేసరికి ఏమవుతుంది?

ముందు కొలత. షెరాల్డ్ చాలా బొమ్మలకు వాడిన కాన్వాసు 54 అంగుళాల ఎత్తు, 43 అంగుళాల వెడల్పు. ఇన్‌స్టాగ్రామ్ నిలువు పోస్టు ఎత్తు, వెడల్పుల నిష్పత్తి చాలాకాలం 5:4గా ఉండేది. వెడల్పు 43 అయితే ఆ లెక్కన ఎత్తు 53.75 రావాలి. అంటే పావు అంగుళం తేడా! ఇది ఫోన్ కోసం చేసిన ఏర్పాటు కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో చదరం కాని ఫొటోలకు అనుమతి 2015 ఆగస్టులో వచ్చింది. ‘మిస్ ఎవ్రీథింగ్’ అంతకు రెండేళ్ల ముందే ఆ కొలతలో ఉంది. యాదృచ్ఛికమే గానీ ఫలితం పెద్దది. చాలా పెద్ద చిత్రాలకు పట్టే అంచుల కోత ఆమె బొమ్మలకు పట్టలేదు. ఒకే మనిషి, ఒకే రంగు వెనకభాగం, స్పష్టమైన ఆకారం: వేలితో జరుపుకుంటూ పోయేవాడి కంటికి కూడా ఆగుతుంది. ఆమె బొమ్మలు ఫోన్‌లో అంత దూరం ప్రయాణించడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

ప్రయాణంలో పోయేది మాత్రం ఆ బూడిదే. 1080 పిక్సెళ్ల వెడల్పున్న పోస్టులో 43 అంగుళాల కాన్వాసు పడితే ఒక్కో పిక్సెలుకు ఒక మిల్లీమీటరు వస్తుంది. మిల్లీమీటరు కంటే సన్నని కుంచె గీత ఏదైనా పక్కదానితో కలిసిపోతుంది. ఆపైన జేపెగ్ కుదింపు. అది వెలుతురు సమాచారాన్ని పూర్తి సాంద్రతలో ఉంచి, రంగు సమాచారాన్ని సాధారణంగా నాలుగో వంతు సాంద్రతలోనే దాస్తుంది. మన కన్ను రంగు కన్నా వెలుతురునే వివరంగా పట్టుకుంటుంది కాబట్టి మామూలు ఫొటోల్లో నష్టం తెలియదు. కానీ ఛాయ ఒకటిగా ఉండి రంగు మాత్రం ఇసుమంత మారే చోటనే షెరాల్డ్ పని ఉంది. ముందు పోయేదీ అదే.

ఇక కెమెరా. ఆటో వైట్ బ్యాలెన్స్ చుట్టూ ఉన్న రంగులను బట్టి వెలుతురు ఏ రంగుదో ఊహిస్తుంది. ఎదురుగా మీటరు వెడల్పున పచ్చనీలం పరిచి ఉంటే దాన్ని వెలుతురు దోషమని పొరబడి మొత్తాన్ని ఎరుపు వైపు నెట్టే అవకాశం ఉంది. అప్పుడు బూడిద చర్మం గోధుమ రంగవుతుంది. వేరే ఫోన్ అదే బొమ్మను చల్లని ఉక్కు రంగులో చూపిస్తుంది. పైగా ఫోన్ బొమ్మలోని ముఖాన్ని నిజం ముఖమనే గుర్తుపట్టి దాని నీడలను తేల్చుతుంది. చిత్రకారిణి ముదురులోనే పట్టి ఉంచిన మధ్య ఛాయలను ఫోన్ తేల్చేసిందన్నమాట.

ఇది ఈనాటి జబ్బు కాదు. కోడాక్ ఫిల్ము రంగులు సరిచూసుకోవడానికి ల్యాబుల్లో వాడిన ‘షర్లీ’ కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్ల స్త్రీ ముఖమే ఉండేది. ఆ చర్మం సరిగ్గా వస్తే మిగతావన్నీ సరే అన్నట్టు. గూగుల్ తన ఫోన్ కెమెరాల్లో ముదురు చర్మం కోసం ప్రత్యేక సవరణలు తెచ్చింది 2021లో. చర్మం తేల్చడం మనకు కొత్తేమీ కాదు. పెళ్లి ఆల్బమ్‌లో చామనఛాయ వధువు పేజీ పేజీకీ తెల్లబడుతూ పోతుంది, చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ ముఖాన్ని నున్నగా చేయడంతో ఆగదు. ముదురు ఛాయను ముదురులోనే గౌరవంగా ఉంచడం ఎంత కష్టమో తెలుగు నేల మీద బొమ్మలు వేసేవారికీ, ఫొటోలు తీసేవారికీ వేరే చెప్పక్కర్లేదు.

పైకి కనపడని వడపోత ఇంకొకటి ఉంది. పెద్ద ఫొటో పెడితే అందులో ఏ భాగం చూపాలో ట్విటర్ సొంతంగా ఎంచేది. 2020లో వాడకందారులు పరీక్షించి, అది తెల్ల ముఖాలవైపు మొగ్గుతోందని చూపించారు. 2021 మేలో ఆ సంస్థే తన పరిశీలన బయటపెట్టింది: సమానత నుంచి తెల్లవారివైపు 4 శాతం, స్త్రీలవైపు 8 శాతం మొగ్గు ఉంది. ఎక్కడ కత్తిరించాలో మనుషులే నిర్ణయించుకోవాలని ఆ పద్ధతిని వదిలేసింది. ఫ్రేములో ఎవరుండాలో తానే తేల్చుకునే షెరాల్డ్ పద్ధతికి ఇది సరిగ్గా ఎదురు.

2020 జూన్ 2 గుర్తుందా? జాతి వివక్షకు నిరసనగా ఇన్‌స్టాగ్రామ్‌లో 2.8 కోట్లకు పైగా నల్ల చదరాలు పడ్డాయి. చాలామంది ‘బ్లాక్ లైవ్స్ మ్యాటర్’ ఉద్యమం హ్యాష్‌ట్యాగ్ కూడా తగిలించారు. దాంతో ఆ ట్యాగ్ కింద ఎక్కడ ఊరేగింపు, ఎక్కడ న్యాయ సహాయం అని వెతుక్కునేవారికి వరుసగా నల్ల పెట్టెలే కనిపించాయి. మద్దతు బాగా కనిపించింది, కావలసిన సమాచారం కనిపించకుండా పోయింది. అదే వేసవిలో బ్రియానా టేలర్ పేరు మీమ్‌గా మారింది. ఆమె 26 ఏళ్ల యువతి. 2020 మార్చి 13న కెంటకీలోని లూయీవిల్‌లో పోలీసులు ఆమె ఇంట్లో చొరబడి జరిపిన కాల్పుల్లో చనిపోయింది. బాధ్యులను అరెస్టు చేయాలన్న డిమాండును సరదా వాక్యాల చివర తగిలించి పంచుకోవడం మొదలైంది. మంచి ఉద్దేశంతోనే చేసినా ఒక చావు ఆటవస్తువైందని చాలామంది బాధపడ్డారు.

‘వ్యానిటీ ఫెయిర్’ 2020 సెప్టెంబరు సంచిక ముఖచిత్రం కోసం షెరాల్డ్ బ్రియానా రూపచిత్రం వేశారు. తన ఎదుట నిలబడి ఫొటో తీయించుకోలేని మనిషిని ఆమె వేయడం అదే మొదలు. అందుబాటులో ఉన్న ఫొటోలు చూశారు, పోలికలో దగ్గరగా ఉన్న యువతిని నిలబెట్టి భంగిమ కుదుర్చుకున్నారు. పచ్చనీలం గౌను, వెనక అదే రంగు, చేయి నడుం మీద. ఉంగరం వేలికి నిశ్చితార్థపు ఉంగరం. ప్రియుడు తొడగాలని దాచుకున్న ఉంగరమది, ఆమె బతికుండగా పెట్టుకోలేదు. నల్లని పెట్టెకు, మీమ్‌కు, ఈ బొమ్మకు తేడా ఆ ఉంగరంలో ఉంది. మొదటి రెండింటికీ ఆమె గురించి ఏమీ తెలియక్కర్లేదు. ఉంగరం వేయాలంటే తెలుసుకుని తీరాలి. బొమ్మను 2021లో లూయీవిల్‌లోని స్పీడ్ ఆర్ట్ మ్యూజియం, వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం ఉమ్మడిగా కొన్నాయి. ఆ డబ్బును షెరాల్డ్ లూయీవిల్ విశ్వవిద్యాలయంలో బ్రియానా పేరిట విద్యార్థుల ఉపకార వేతనాలకు ఇచ్చేశారు.

కనిపించడం వేరు, ఆ కనిపించడంలోంచి వచ్చే డబ్బు ఎవరికి చేరుతుందన్నది వేరు. షెరాల్డ్ 2015లో వేసిన ‘ది బేదర్స్’ 2020 డిసెంబరులో ఫిలిప్స్ అనే వేలం సంస్థ నిర్వహించిన వేలంలో 42.65 లక్షల డాలర్లకు పోయింది. వేలందారులు వేసిన అంచనా లక్షన్నర నుంచి రెండు లక్షలే. వేలంలో అమ్మింది బొమ్మ యజమాని. అమెరికాలో మరు విక్రయంలో చిత్రకారులకు వాటా ఇచ్చే జాతీయ చట్టం లేదు. మన కాపీరైట్ చట్టం 53ఎ సెక్షనులో ఆ హక్కుంది: అసలు చిత్రం మరు విక్రయ ధర పదివేల రూపాయలు దాటితే, గరిష్ఠంగా 10 శాతం దాకా వాటా అడగవచ్చు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో బొమ్మలు అమ్ముకునే యువ చిత్రకారుల్లో దీని సంగతి తెలిసినవాళ్లు తక్కువ. తెలుసుకోవాలి, అమ్మకం కాగితంలో కొన్నవారి వివరాలు రాసి ఉంచుకోవాలి.

షరతుల విషయం 2025లో తేలింది. షెరాల్డ్ పెద్ద ప్రదర్శన ‘అమెరికన్ సబ్లైమ్’ శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలై న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియానికి వచ్చింది. సెప్టెంబరులో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి వెళ్లాలి. అందులో ‘ట్రాన్స్ ఫార్మింగ్ లిబర్టీ’ అనే 2024 నాటి చిత్రం ఉంది. గులాబీ రంగు జుట్టు, నీలం గౌను, స్వాతంత్ర్య దేవత భంగిమలో ఒక ట్రాన్స్ మహిళ, కాగడాలో మంట బదులు పువ్వులు. ఆ బొమ్మ విషయంలో మ్యూజియం లోపల ఆందోళన ఉందని, దాని స్థానంలో జనం స్పందనల వీడియో పెట్టే ఆలోచన వచ్చిందని షెరాల్డ్ చెప్పారు. వీడియో తోడుగానే తప్ప బదులుగా కాదని ఆ గ్యాలరీని నడిపే స్మిత్సోనియన్ సంస్థ అంది. జులైలో ఆమె ప్రదర్శననే వెనక్కి తీసుకున్నారు. ఆగస్టులో అదే బొమ్మ ‘న్యూయార్కర్’ ముఖచిత్రమైంది, నవంబరులో ప్రదర్శన బాల్టిమోర్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో తెరిచారు. లైకుల లెక్కన చూస్తే వాషింగ్టన్‌ను వదులుకోవడం నష్టం. ఆమె దృష్టిలో ఒక మనిషిని వివరణ చీటీ తగిలిస్తే తప్ప చూపించలేని గోడ మీద ఉండటం కన్నా ఆ గోడ మీద లేకపోవడమే మేలు. నేను ఆమె పక్షమే.

ఇక మిషెల్ ఒబామా బొమ్మ. ఫోన్‌లో జనానికి అడ్డొచ్చిన ఆ గౌను గోడ మీద వేరే పని చేస్తుంది. మిల్లీ సంస్థ కుట్టిన ఆ తెల్ల గౌను మీది చతురస్రాలు, పట్టీలను అలబామాలోని గీస్ బెండ్ నల్లజాతి స్త్రీలు కుట్టే బొంతలతో షెరాల్డ్ పోల్చారు. గౌను కిందికి విచ్చుకుని కొండలా కూర్చుంటుంది, ముఖం కొండ కొనన ఉంటుంది. కన్ను కిందనుంచి ఎక్కుతూ పోవాలి. ఫోన్‌లో ఎక్కడానికి దూరమే లేదు. ఆవిష్కరణ తర్వాత కొన్ని వారాలకే, ఆ బొమ్మను నోరు తెరుచుకుని చూస్తున్న చిన్నపిల్ల ఫొటో లోకమంతా తిరిగింది. జనం తాకిడికి మ్యూజియం బొమ్మను మూడో అంతస్తులో విశాలమైన గదికి మార్చింది. ఫోన్ బొమ్మను చూపించలేకపోయినా, బొమ్మ దగ్గరికి మనుషులను తీసుకురాగలిగింది. ఆ మేలు కాదనకూడదు.

వెళ్లే వీలు లేనివారు ఇంట్లోనే కొంత రాబట్టుకోవచ్చు. ఫోన్‌లో కళ్ల రక్షణ కోసం పెట్టే పసుపు వెలుతురు, చుట్టూ వెలుతురును బట్టి తెర రంగు మార్చే ట్రూ టోన్ లాంటివి ఆపేయాలి. సోషల్ మీడియా పోస్టు కాక మ్యూజియం వెబ్‌సైటులోని పెద్ద ఫైలు తెరవాలి. ముఖాన్ని తెర నిండా పెంచి, చెంపనూ దవడ కింది భాగాన్నీ పోల్చి చూస్తే ఒకటి వెచ్చగా, ఒకటి చల్లగా ఉందో లేదో తెలుస్తుంది. గోడ మీద టేపు కొలతతో 183 సెంటీమీటర్ల ఎత్తు, 153 సెంటీమీటర్ల వెడల్పు కొలిచి గుర్తులు గీసి రెండు మీటర్ల దూరంలో నిలబడితే పరిమాణం ఒంటికి అర్థమవుతుంది.

సొంత బొమ్మలు ఫోన్‌లో పెట్టుకునే చిత్రకారులకు ఇదే లెక్క. బొమ్మ పక్కన 18 శాతం గ్రే కార్డు, అంటే రంగులు సరిచూసుకునే బూడిద అట్ట, పెట్టి, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో ఒకే రకం దీపాలు వేసి, కెమెరా కుదించని రా ఫైలుగా తీయాలి. ముఖం సవరణలు, వెలుగునీడలను సమం చేసే హెచ్‌డీఆర్ ఆపేయాలి. కార్డును బట్టి వైట్ బ్యాలెన్స్ సరిచేశాక కార్డును ఫొటోలోంచి కోసేసి, తెరలకు మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పద్ధతిలో 1080 అడ్డం, 1350 నిలువు పిక్సెళ్లకు మీరే కుదించి పెడితే యాప్ మళ్లీ కుదించే అవసరం తగ్గుతుంది. రెండో ఫొటోగా చర్మం ఉన్న చోటు నుంచి అరచేయంత ముక్క దగ్గరగా, మూడో ఫొటోగా పక్కన మనిషి నిలబడి ఉండగా మొత్తం బొమ్మ. కింద రాసే మాటల్లో మొదటి వరుస కొలతలకే ఇవ్వాలి.